మనుషుల మధ్య దూరం కొలిచేదెట్లా?
మనస్తత్వ పరిశోధనలో వర్గీకరణ లెక్కలు

ఆదోని పత్తి మార్కెట్ యార్డులో కొనుగోలుదారుడు లాటు దగ్గర నిలబడి, గుప్పెడు పత్తి తీసుకొని, రెండు చేతుల వేళ్ళ మధ్య పింజను సాగదీసి చూస్తాడు. పొడవెంత, తెంచితే ఎంత బలంగా తెగుతున్నది, రంగు ఎరుపు తిరిగిందా, తేమ వుందా, ఆకూ చెత్తా ఎంత కలిసింది - యివన్నీ అర నిమిషంలో చూసి, యిది ఫలానా రకం అని ధర రాసేస్తాడు. గణాంకశాస్త్ర భాషలో చెప్పాలంటే, అతడు ఐదారు కొలతలను ఒకేసారి లెక్కలోకి తీసుకొని, ముందే పేర్లు పెట్టివున్న తరగతుల్లో ఒకదానిలోకి ఆ లాటును చేర్చాడన్నమాట. పొడవొక్కటే చూస్తే మోసపోతాడు. తేమ ఒక్కటే చూసినా మోసపోతాడు.

ఐతే ఆ తరగతులు ఎక్కడినుంచి వచ్చాయి? మద్రాసు రాష్ట్రం రోజుల్లో బళ్ళారి, ఆదోని వైపు పత్తిని వర్తకులు 'వెస్టర్న్స్' అనీ, నంద్యాల వైపు పత్తిని 'నార్దర్న్స్' అనీ పిలిచేవారు. ఎన్నో లాట్లు చేతులు మారి, యిక్కడొక గుంపు, అక్కడొక గుంపు వున్నాయని గుర్తుపట్టి పేర్లు పెట్టిన తర్వాతనే 'యిది వెస్టర్న్స్' అనడం సాధ్యమయింది. కాబట్టి పనులు రెండు. గుంపులు తెలిసినప్పుడు కొత్తగా వచ్చినదాన్ని సరైన గుంపులో చేర్చడం మొదటిది. దీన్ని డిస్క్రిమినెంట్ ఎనాలిసిస్ అంటారు, మనం విచక్షణ విశ్లేషణ అనుకుందాం. గుంపులే తెలియనప్పుడు కుప్పలోంచి గుంపులను వెలికితీయడం రెండోది. అది క్లస్టర్ ఎనాలిసిస్, అంటే గుచ్ఛ విశ్లేషణ. మనస్తత్వశాస్త్రం చదివే మన విద్యార్థులు చాలామంది తమ డిసర్టేషన్లలో యీ రెంటినీ కలగలిపి రాస్తుంటారు. రెండూ వేరు. రెంటి వల్ల వచ్చే ప్రమాదాలూ వేరు.

పత్తికి తప్పు పేరు పెడితే పోయేది క్వింటాలుకు యిన్ని రూపాయలు. మనిషికి పెడితే? 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలనూ తెగలనూ మొత్తంగా నేరస్థ జాతులన్నది. కొలతా లేదు, లెక్కా లేదు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి గూడా వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు 1913లో ఏర్పడింది. చట్టంలోంచి ఆ ముద్ర 1952లో పోయింది. ఊళ్ళో జనం నోళ్ళలోంచి అంత త్వరగా పోలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. పోనీ, కొలిచినవాళ్ళు బాగా చేశారా అంటే అదీ లేదు. రిస్లీ దొర 1891లో ముక్కు వెడల్పును ఎత్తుతో పోల్చి ఒక అంకె తీసి, ఆ అంకెకూ కులం హోదాకూ సంబంధం కట్టాడు. ఒక్క అంకె! పత్తి వ్యాపారి గూడా అంత తొందరపడడు.

ఇప్పుడు మన బడులకు వద్దాం. మొత్తం మార్కులు చూసి పిల్లలను 'తెలివిగలవాడు, సగటువాడు, మందబుద్ధి' అని మూడు బుట్టల్లో వెయ్యడం మనకు అలవాటు. ఇందులో తప్పెక్కడున్నదో చిన్న లెక్కతో చూద్దాం. ఒక తరగతికి రెండు పరీక్షలు పెట్టామనుకోండి. ఒకటి నోటితో చెప్పే పదసంపద, రెండోది చదివి అర్థం చేసుకోవడం. రెండింటి సగటు 50, ప్రామాణిక విచలనం 10. రెంటి మధ్య సహసంబంధం 0.8, అంటే ఒకదాంట్లో బాగా వచ్చినవాడికి రెండోదాంట్లోనూ సాధారణంగా బాగానే వస్తుందన్నమాట. మొదటి పిల్లవాడికి 60, 60 వచ్చాయి. రెండోవాడికి 60, 40 వచ్చాయి. మొత్తం చూస్తే మొదటివాడు 120, రెండోవాడు సరిగ్గా 100. అంటే రెండోవాడు అచ్చమైన సగటు విద్యార్థి, అతని గురించి ఆలోచించే పనే లేదు!

మామూలు జామెట్రీ ప్రకారం ఇద్దరూ తరగతి సగటుకు ఒకే దూరంలో వున్నారు. ఒక్కొక్కరు రెండు పరీక్షల్లోనూ ఒక్కొక్క విచలనం దూరం, వర్గాలు కలిపితే 2. కాని రెండు పరీక్షలూ చాలావరకు ఒకే సంగతిని చెబుతున్నాయి గదా. ఆ సంగతిని రెండుసార్లు లెక్కపెట్టడం ఒకే రూపాయిని రెండు జేబుల్లో చూపించినట్టు అవుతుంది. సహసంబంధాన్ని లెక్కలోకి తెచ్చేసరికి మొదటివాడి దూరం 2ను 1.8తో భాగిస్తే వచ్చే 1.1, రెండోవాడి దూరం 2ను 0.2తో భాగిస్తే వచ్చే 10! మార్కుల వితరణ సాధారణ రీతిలో వుంటే, మొదటివాడంత దూరంగానో యింకా దూరంగానో సగానికి పైగా పిల్లలు వుంటారు. రెండోవాడంత దూరంగా వుండేవాళ్ళు వెయ్యికి ఏడుగురు. మాటల్లో చురుకుగా వుండి చదవడంలో యింత వెనుకబడిన ఆ పిల్లవాడే టీచరు పక్కన కూర్చోబెట్టుకొని చూడవలసినవాడు. మొత్తం మార్కులు వాణ్ణే దాచేశాయి.

ఎందుకట్లా వున్నాడో యీ లెక్క చెప్పదు. కంటిచూపు కావచ్చు. చదవడంలో ప్రత్యేకంగా ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా కావచ్చు. మంత్రాలయం, ఆదోని పల్లెల్లో అందరూ ఎరిగినట్టు, పనుల సీజనులో తల్లిదండ్రులతో వలసపోయి నెలల తరబడి బడికి దూరమై వుండవచ్చు. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లవాడికైతే లెక్క తిరగబడి, తెలుగు పదసంపద తక్కువగా, చదువు ఎక్కువగా రావచ్చు. దూరం వున్నదని చెప్పడం వరకే లెక్క పని. కారణం కనుక్కోవడం మనిషి పని.

ఇట్లా సహసంబంధాలను సర్దుకొని కొలిచే దూరానికే మహలనోబిస్ దూరమనీ, డీ-స్క్వేర్ అనీ పేరు. 1920లో నాగపూరు సైన్స్ కాంగ్రెసు సందర్భంగా నెల్సన్ అన్నండేల్ అనే జంతుశాస్త్రజ్ఞుడు కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను ప్రశాంతచంద్ర మహలనోబిస్ చేతికిచ్చి విశ్లేషించమన్నాడు. అక్కడ మొదలైన ఆలోచన 1936లో 'సాధారణీకృత దూరం' మీద రాసిన పత్రంతో పూర్తి రూపం దాల్చింది. అదే సంవత్సరం ఇంగ్లాండులో ఆర్.ఎ. ఫిషర్ మూడు రకాల ఐరిస్ పూలు, రకానికి యాభై చొప్పున నూటయాభై, ఒక్కొక్క పువ్వుకు నాలుగు కొలతలు తీసుకొని విచక్షణ సూత్రాన్ని కట్టి చూపించాడు. ఆ పూలను కొలిచినవాడు ఎడ్గార్ ఆండర్సన్. ఈ రోజు కంప్యూటరు పాఠాలు నేర్చుకొనే ప్రతి విద్యార్థీ ఆ నూటయాభై పూలతోనే మొదలుపెడతాడు.

ఈ రెండు దారులనూ కలిపి, రెండు గుంపులకే కాక ఎన్ని గుంపులకైనా పనికివచ్చేటట్టు చేసినవారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ప్రపంచానికి సి.ఆర్. రావు. ఆయన తెలుగువారని అందరికీ తెలుసు. కాని 1920 సెప్టెంబరు 10న ఆయన పుట్టిన హడగలి, మన ఆదోని అప్పట్లో ఒకే జిల్లాలో, బళ్ళారి జిల్లాలో వుండేవన్న సంగతి మనవాళ్ళకు గూడా అంతగా గుర్తుండదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు యిటు వచ్చాయి, హడగలి మైసూరుకు పోయింది. చూడబోతే అదీ ఒక వర్గీకరణ సమస్యే! ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే కుటుంబాన్ని ఏ గడిలో వెయ్యాలో సెన్ససు కాగితానికేం తెలుస్తుంది?

రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఎం.ఏ. ముగించి, ఏదో సైన్యపు ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటు గురించి తెలుసుకొని 1941లో అందులో చేరారు. ఆ ఉద్యోగం రాకపోవడమే మేలయింది. 1941లో సంయుక్త రాష్ట్రాల్లో డి.ఎన్. మజుందార్ ఇరవైకి పైగా కులాల, తెగల శరీర కొలతలు తీయించారు. వాటి విశ్లేషణ మహలనోబిస్, మజుందార్, రావు ముగ్గురి పేర్లతో 1949లో వెలువడింది. 1946లో సూడాను దేశపు జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను డీ-స్క్వేర్ పద్ధతిలో విశ్లేషించడానికి రావుగారిని కేంబ్రిడ్జి పిలిపించారు. అక్కడే ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు. అదే సంవత్సరం, ఎన్నో కొలతలను వర్గీకరణకు ఎట్లా వాడాలో చెప్పే ఆయన పత్రం రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకొని, ఆ ఆగస్టు 22న, నూటమూడో పుట్టినరోజుకు మూడు వారాల ముందు అమెరికాలో కన్నుమూశారు. ఆయన పేరిట హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక పరిశోధనా సంస్థ నడుస్తున్నది.

మనస్తత్వశాస్త్రం వాళ్ళం మనం ముఖ్యంగా చూడవలసింది ఆ తర్వాతి సంవత్సరపు పత్రం. 1949లో పాట్రిక్ స్లేటర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడితో కలిసి రావుగారు 256 మంది స్కోర్లను విశ్లేషించారు. డాక్టర్లు ముందే పెట్టిన పేర్ల ప్రకారం అందులో ఆరు గుంపులు. ఆందోళనతో బాధపడేవారు 114, హిస్టీరియా 33, సైకోపతీ 32, వదలని ఆలోచనల బాధ అనదగిన అబ్సెషన్ 17, వ్యక్తిత్వం మారిపోయినవారు 5, ఏ జబ్బూ లేనివారు 55. ఒక్కొక్కరికి మూడు స్కోర్లు.

ఆ సగటులను కాస్త ఓపికగా చూడండి. జబ్బు లేనివారికి మూడు స్కోర్ల సగటు వరుసగా 0.60, 0.15, 0.22. ఆందోళనవారికి 2.93, 1.17, 0.73. హిస్టీరియావారికి 3.03, 1.24, 0.55. సైకోపతీవారికి 3.81, 1.84, 0.81. అబ్సెషన్ వారికి 4.71, 1.59, 1.12. ఆ అయిదుగురికి 1.40, 0.20, 0. దూరం తేల్చాలంటే సగటులు చాలవు, గుంపు లోపల స్కోర్లు ఎంత విరజిమ్మి వున్నాయో, ఒకదానితో ఒకటి ఎట్లా కలిసి నడుస్తున్నాయో కావాలి. డీ-స్క్వేర్ చేసే పని అదే. అయినా కంటికే ఒక సంగతి కనిపిస్తుంది. బాగున్నవారికీ ఆందోళనవారికీ మొదటి స్కోరులో తేడా 2.33. ఆందోళనకూ హిస్టీరియాకూ తేడా 0.10! అంటే యీ స్కోర్లు జబ్బున్నవారిని జబ్బులేనివారినుంచి దూరం జరుపుతాయి. జబ్బున్నవారిలో ఒకరినుంచి ఒకరిని, ముఖ్యంగా యీ రెండు గుంపులనూ, విడదీయలేవు.

నా దృష్టిలో యీ పద్ధతి అసలు ఉపయోగం యిక్కడే వున్నది. పేరు ముందే వుండవచ్చు, పెద్ద డాక్టరే పెట్టివుండవచ్చు. మన చేతిలో వున్న కొలతలు ఆ పేరును మోయగలవా లేదా అన్నది దూరం చెబుతుంది. మోయలేకపోతే మనకు దారులు రెండు. యింకో మంచి కొలత వెతుక్కోవాలి, లేదా ఆ పేరునే అనుమానించాలి. హిస్టీరియా విషయంలో చివరికి రెండోదే జరిగింది. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషను మూడవ డయాగ్నస్టిక్ మాన్యువల్‌లో న్యూరోసిస్ అన్న పెద్ద తరగతిని తరగతిగా తీసేసి, హిస్టీరియాను వేర్వేరు పేర్ల కింద పంచేసింది. ఈ ఒక్క పత్రం వల్ల అట్లా జరిగిందని నేననను. దానికి వేరే వాదాలు చాలా వున్నాయి.

రావుగారి వర్గీకరణలో నాకు నచ్చిన యింకొక సంగతి 'సందేహ ప్రాంతం'. కొత్తగా వచ్చిన వ్యక్తి స్కోర్లు రెండు గుంపుల నడుమ పడితే, ఎటో ఒకవైపు నెట్టనక్కరలేదు. ఆ మధ్య భాగాన్ని విడిగా గిరిగీసి, 'ఈ కొలతలతో తేలలేదు' అని రాయవచ్చు. మన ఫారాల్లో ఆ గడి వుండదు. పత్తి యార్డులో లాటు తేలకపోతే యింకోసారి గుప్పెడు తీసి చూస్తారు, బడిలో పిల్లవాడికి ఆపాటి అవకాశం గూడా యివ్వం.

ఆ గడి ఎంత అవసరమో ఊహించుకున్న ఒక లెక్కతో చెబుతాను. వెయ్యిమంది విద్యార్థుల్లో నిజంగా మానసిక సహాయం అవసరమైనవారు 20 మంది అనుకుందాం. మన పరీక్ష నూటికి తొంభై పాళ్ళు సరిగా చెబుతుంది. బ్రహ్మాండమైన పరీక్షే గదా! ఆ 20 మందిలో 18 మందిని పట్టుకుంటుంది. మిగతా 980 మందిలో పదవ వంతును, అంటే 98 మందిని గూడా పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం 116 మందికి ముద్ర పడింది, అందులో నిజమైనవారు 18 మంది. ముద్రపడినవారిలో ఆరుగురికి ఒక్కరు గూడా లేరు. గుంపులు సమానమైన సైజులో లేవన్న సంగతిని సూత్రంలో పెట్టకపోతే యిట్లా అవుతుంది. పత్రికల్లో 'తొంభై శాతం కచ్చితత్వం' అని చదివినప్పుడల్లా మొత్తం ఎంతమంది, నిజంగా అవసరమైనవారు ఎంతమంది అని అడగండి.

ఇక రెండో పని, గుంపులే తెలియని చోట గుంపులు తీయడం. దీన్ని నిలబెట్టిన తొలివాళ్ళలో మనస్తత్వశాస్త్రజ్ఞులే వున్నారు. బర్క్‌లీలో చిక్కుదారుల్లో ఎలుకలను పరుగెత్తించి చురుకైన వంశాలనూ మొద్దు వంశాలనూ వేరుచేసిన రాబర్ట్ ట్రయాన్ 1939లో 'క్లస్టర్ ఎనాలిసిస్' అన్న పేరుతోనే పుస్తకం రాశాడు. 1963లో జో వార్డ్, విడివిడి వ్యక్తులతో మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ గుంపులోపలి తేడాలు అతి తక్కువగా పెరిగేటట్టు రెండేసి గుంపులను కలుపుకుంటూ పోయే పద్ధతిని చెప్పాడు. 1967లో మాక్వీన్ పేరుపెట్టిన కె-మీన్స్‌లో ఎన్ని గుంపులు కావాలో మనమే ముందు చెప్పాలి. మూడంటే మూడు, ఏడంటే ఏడు.

చిక్కంతా అక్కడే. ఈ పద్ధతులేవీ 'ఇందులో గుంపులు లేవు' అని తమంతట తాము అనవు. చీట్లు కలిపి తీసిన అంకెలను యిచ్చినా చక్కగా మూడు గుంపులు చేసి, రంగు బొమ్మ వేసి చేతికిస్తాయి. దానికి మనం 'అంతర్ముఖులు, బహిర్ముఖులు, సమతుల్యులు' అని పేర్లు పెట్టి థీసిస్ రాసేస్తాం. వార్డ్ పద్ధతి దాదాపు సమానమైన సైజు గుంపులను యిష్టపడుతుంది, దగ్గరివారిని గొలుసుగా కలుపుకుపోయే పద్ధతి పొడుగాటి గుంపులను చేస్తుంది. అంటే గుంపు ఆకారంలో కొంత మనుషులది, కొంత సూత్రానిది. చేత్తో మెషీన్ తిప్పి లెక్కలు కట్టిన కాలంలో ఒక విశ్లేషణకు నెలలు పట్టేది కాబట్టి ముందే ఆలోచించేవారు. ఇప్పుడు పది పద్ధతులు పది నిమిషాల్లో చేసి, నచ్చినదాన్ని పట్టికలో పెట్టుకోవచ్చు. ఈ సుఖం మంచిది కాదు.

రావుగారి 1952 పుస్తకం ద్వారా వ్యాపించిన టోషర్ పద్ధతి అని ఒకటుంది. డీ-స్క్వేర్ దూరాలను చూసి, అతి దగ్గర జంటతో మొదలుపెట్టి, దూరం మరీ పెరగనంతవరకు ఒక్కొక్కరినే చేర్చుకుంటూ పోతుంది. మన దేశంలో దీన్ని యిప్పటికీ విరివిగా వాడేది మనస్తత్వశాస్త్రజ్ఞులు కారు, పత్తి, వేరుశనగ, వరి వంగడాలు తయారుచేసే వ్యవసాయ శాస్త్రజ్ఞులు. దూరపు గుంపుల్లోంచి తల్లిదండ్రులను ఎన్నుకొని సంకరం చేస్తారు. పుర్రెలు కొలవడానికి పుట్టిన లెక్క తిరిగి తిరిగి పత్తి చేనుకు వచ్చి చేరింది! వాళ్ళకొక సౌకర్యం వున్నది. గుంపులు సరిగా కట్టారో లేదో వచ్చే పంట చెప్పేస్తుంది.

మనకు ఆ పంటకు బదులు కొత్త అభ్యర్థులు కావాలి. ఎమ్మిగనూరు, ఆదోని హైస్కూళ్ళలో 200 మంది పిల్లలకు ప్రశ్నావళి యిచ్చారనుకోండి. వాళ్ళను చీట్లు తీసి నూరు నూరుగా విడదీయండి. మొదటి నూరులో గుంపులు కట్టండి. రెండో నూరులో, మొదటిదాన్ని చూడకుండా, మళ్ళీ కట్టండి. తర్వాత మొదటి నూరు సగటులకు దగ్గరను బట్టి రెండో నూరులోని ఒక్కొక్కరినీ చేర్చి, రెండు చేర్పులూ ఎంతమంది విషయంలో కలిశాయో లెక్కపెట్టండి. సగంమంది దగ్గర కలవకపోతే పేర్లు పెట్టే పని మానుకోండి. విచక్షణ విశ్లేషణ చేసేవారు గూడా అంతే. సూత్రం కట్టడానికి వాడిన పిల్లల మీదనే దాన్ని పరీక్షించి ఫలితం బాగుందనడం, ప్రశ్నపత్రం ముందే చూపించి పరీక్ష పెట్టడం వంటిది. ఒక్కొక్కరిని తీసి పక్కన పెట్టి, మిగతావారితో సూత్రం కట్టి, ఆ ఒక్కరిని అడగాలి. ఈ పని యిప్పుడు కంప్యూటరే చేసిపెడుతుంది.

ఏ గుంపులో ఎంతమంది వున్నారో మాత్రం మరచిపోకుండా రాయండి. రావు, స్లేటర్ల పట్టికలో వ్యక్తిత్వం మారినవారి గుంపు పక్కన 5 అన్న అంకె వున్నది కాబట్టే, యిన్నేళ్ళ తర్వాత దాన్ని చదివే మనకు ఆ 1.40 సగటును ఎంతవరకు నమ్మాలో తెలుస్తున్నది.